రెండు బాణాలను గుణిస్తే ఏమొస్తుంది?

"సంకీర్ణ సంఖ్యనీ బాణంగానే గీస్తారు, సదిశనీ బాణంగానే గీస్తారు. మరి రెండూ ఒకటేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. సదిశ అంటే పరిమాణంతో పాటు దిశ కూడా ఉన్న రాశి. సంకీర్ణ సంఖ్య అంటే 3+4ఐ లాంటిది; ఇందులో ఐ (i) అంటే వర్గం −1 అయ్యే సంఖ్య, దీని బాణం 3 అడ్డంగా, 4 నిలువుగా పోతుంది. కూడికల వరకూ రెండూ ఒకటే. పేచీ అంతా గుణకారం దగ్గరే.

సంకీర్ణ సంఖ్యల్ని బాణాలుగా చూపిస్తూ కాస్పర్ వెస్సెల్ అనే సర్వేయరు 1797లోనే డెన్మార్క్ అకాడమీకి వ్యాసం సమర్పించాడు. ఐతో గుణిస్తే బాణం 90 డిగ్రీలు తిరుగుతుంది. ఇంకోసారి గుణిస్తే పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, అంటే −1. దీనికి "కల్పిత సంఖ్య" అని కాకుండా "పావు మలుపు" అని పేరు పెట్టి ఉంటే ఎంతమందికి టెన్షన్ తప్పేదో!

ఇప్పుడు 3+4ఐ, 1+2ఐ అనే రెండు బాణాలు తీసుకోండి. గుణిస్తే −5+10ఐ. ఇది ఆ బాణాల గురించి ఏం చెబుతోంది? వాటి మధ్య కోణం గురించి ఏమీ చెప్పదు. బాణాలు రెండింటినీ ఒకేసారి చెరో 30 డిగ్రీలు తిప్పితే, లబ్ధం 60 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఈ జవాబు, అక్షం ఎటు గీశామన్న దాని మీద ఆధారపడింది.

మొదటిదాని బదులు దాని సంయుగ్మం (ఐ ముందు గుర్తు మార్చినది) 3−4ఐ తీసుకుని గుణించండి: 11+2ఐ. ఈసారి బాణాల్ని ఎంత తిప్పినా జవాబు కదలదు. ఒకటి 30 డిగ్రీలు ముందుకి పోతే, సంయుగ్మం అంతే వెనక్కి పోతుంది. చెల్లుకు చెల్లు. ఆ 11 ఏమిటి? 3×1+4×2, సదిశల పాఠంలో వచ్చే అదిశా లబ్ధం (డాట్ ప్రొడక్ట్). ఆ 2? 3×2−4×1, రెండు బాణాల మధ్య సమాంతర చతుర్భుజ వైశాల్యం. 11 బదులు సున్నా వస్తే బాణాలు లంబంగా ఉన్నట్టు, 2 బదులు సున్నా వస్తే ఒకే గీత మీద ఉన్నట్టు. 2 స్థానంలో రుణ సంఖ్య వస్తే రెండో బాణం గడియారం ముల్లు తిరిగే వైపున ఉన్నట్టు. ఒక్క గుణకారంలో ఇన్ని దొరుకుతుంటే, వీటిని రెండు వేర్వేరు పాఠాలుగా ఎందుకు చెబుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూడు కొలతల్లోకి వస్తే చిక్కు. తలాలు అనంతం, పావు మలుపు ఏ తలంలో? 1843లో ఇలాంటి సంఖ్యల్ని మూడు కొలతల్లోకి తేబోయిన గణితవేత్త హామిల్టన్‌కి ఒక్క ఐ సరిపోలేదు, మూడు కావలసి వచ్చాయి. అయినా సంకీర్ణ సంఖ్యలు అక్కడా తొంగి చూస్తాయి. ఒక మలుపుని సంఖ్యల పట్టికగా రాస్తే అది మాత్రిక. ఆ మాత్రిక ఏ సదిశని కేవలం ఒక సంఖ్యతో గుణించినట్టు మారుస్తుందో అది ఐగెన్ సదిశ, ఆ సంఖ్య ఐగెన్ విలువ. నిలువు అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పే మాత్రికకి ఐగెన్ విలువలు 1, ఐ, −ఐ. మొదటిదానికి చెందిన సదిశ అక్షాన్ని చూపిస్తుంది. −ఐకి చెందిన ఐగెన్ సదిశ (1, ఐ, 0). దాని వాస్తవ భాగం (1, 0, 0), కల్పిత భాగం (0, 1, 0). తిరుగుతున్న తలం సరిగ్గా ఆ రెండింటిదే!

ఈ సదిశ పొడవు వర్గాన్ని మామూలుగా లెక్కిస్తే 1²+ఐ², అంటే సున్నా. సున్నా కాని బాణానికి సున్నా పొడవు! ఇక్కడా సంయుగ్మమే కాపాడాలి: 1×1+(−ఐ)×ఐ = 2, పొడవు √2.