న్యూట్రల్‌కీ భూమికీ మధ్య ఒక రెసిస్టర్

11 కేవీ కేబుల్ ఇన్సులేషన్ ఎక్కడో దెబ్బతిని ఒక ఫేజు భూమికి తగిలిందనుకోండి. కరెంటు భూమిలో కలిసి మాయమైపోదు. తాను బయల్దేరిన ట్రాన్స్‌ఫార్మర్‌కే తిరిగి చేరాలి. అందుకు దారి న్యూట్రల్, అంటే మూడు ఫేజుల వైండింగ్‌లు కలిసే బిందువు. దాన్ని నేరుగా ఎర్త్ చేస్తే ఫాల్ట్ కరెంటు వేల ఆంపియర్లకు ఎగబాకుతుంది. జనరేటర్ లోపలే ఇలా జరిగితే కాలిన వైండింగ్‌ను మళ్లీ చుట్టించుకోవచ్చు. కరిగి అతుక్కుపోయిన కోర్ (వైండింగ్‌ను మోసే ఇనుప భాగం) రేకులను సరిచేయడమే అసలు తలనొప్పి.

మరి న్యూట్రల్‌ను ఎర్త్ చేయకుండా వదిలేస్తే? తీగలకూ భూమికీ మధ్య సహజంగా ఉండే కెపాసిటెన్స్ (చార్జిని నిల్వచేసే గుణం) వల్ల కొద్దిపాటి కరెంటే పారుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ భూమితో పోలిస్తే మిగతా రెండు ఫేజుల వోల్టేజీ 1.73 రెట్లవుతుంది. ఫాల్ట్ దగ్గర ఆర్క్ (గాలిలోంచి కరెంటు దూకే మెరుపు) ఆరుతూ వెలుగుతూ ఉంటే, చార్జి బయటికి పోయే దారిలేక వోల్టేజీ అంతకు మించి కూడా పెరుగుతుంది. అప్పుడు వేరే ఎక్కడో ఉన్న మంచి ఇన్సులేషన్ పగులుతుంది. కాబట్టి ఫాల్ట్ కరెంటు మరీ తగ్గినా ప్రమాదమే.

అందుకే న్యూట్రల్‌కీ భూమికీ మధ్యలో, కరెంటును కట్టడి చేసే రెసిస్టర్ పెడతారు. 11 కేవీ సిస్టమ్‌లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య దాదాపు 6,350 వోల్టులు. 21 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే దానిగుండా సుమారు 300 ఆంపియర్లకు మించి పారదు. ఆ సమయంలో అందులో పుట్టే వేడి సుమారు 19 లక్షల వాట్లు! దాన్ని ఎంతోసేపు తట్టుకోలేదు గనుక 10 సెకన్ల రేటింగ్‌తో తయారుచేయడం మామూలే. ఈలోపే రిలే పసిగట్టి బ్రేకర్‌ను ట్రిప్ చేయాలి.

ఉన్నట్టుండి ఆగితే నష్టపోయే ఫ్యాక్టరీలు కొన్ని కరెంటును 5, 10 ఆంపియర్లకే కట్టడి చేస్తాయి. అలారం మోగుతుంది, పని సాగుతుంది, ఈలోగా ఫాల్ట్ వెతుకుతారు. దీనికో షరతుంది. రెసిస్టర్ కరెంటు, సిస్టమ్ మొత్తం కెపాసిటివ్ కరెంటు కంటే తక్కువ కాకూడదు. తగ్గితే పాత ఆర్క్ బెడద మళ్లీ మొదలు. కొత్త కేబుళ్లు కలుపుతూ పోయి, ఈ లెక్క మళ్లీ చూడకపోవడం నా దృష్టిలో పెద్ద నిర్లక్ష్యం.

జర్మన్ ఇంజినీరు వాల్డెమార్ పీటర్సన్ ఇంకో దారి పట్టాడు. న్యూట్రల్‌లో కాయిల్ పెట్టి, దాని ఇండక్టివ్ కరెంటుతో కెపాసిటివ్ కరెంటును చాలావరకు రద్దుచేశాడు. ఆర్క్ దానంతటదే ఆరిపోతుంది.

రెసిస్టరే తెగిపోతే బయటికి ఏమీ తెలియదు. లోడు మామూలుగానే నడుస్తుంది. ఫాల్ట్ వచ్చినప్పుడు మాత్రం రిలేకు చాలినంత కరెంటు అందదు. అందుకే రెసిస్టర్ తెగిందో లేదో ఎప్పుడూ కనిపెట్టి ఉండే మానిటర్‌ను కూడా పెడతారు.