నీరు పల్లమెరుగు, మరి కుళాయి దాకా ఎందుకు దిగదు?

"పైన ట్యాంకులో నీళ్లున్నాయి. కింద కుళాయి తిప్పితే బుస్సుమని గాలి తప్ప చుక్క రావడం లేదు. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఇదేమిటండీ?" అని మా పక్కింటావిడ మొన్న అడిగారు. వాళ్లింట్లో రెండు రోజులు నీళ్లు రాక ట్యాంకు అడుగంటింది. తర్వాత మోటారు వేసి కొంచెం నింపారు. అప్పటి నుంచీ ఇదే తంతు.

ఎండాకాలంలో కుళాయిలకు వచ్చే మిగతా జబ్బులు నాకంత ఆసక్తి కలిగించవు. వాషరు ఎండి బీటలు వారితే మార్చుకుంటాం, సరిపోతుంది. ఇది వేరు. పైపుల మేస్త్రి వచ్చి "గాలి పట్టింది" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆయన మాట అక్షరాలా నిజం. కానీ ఇంత బరువైన నీళ్లని అంత తేలికైన గాలి ఎలా ఆపుతుంది?

డాబా మీద పైపు తిన్నగా ఉండదు. ట్యాంకు నుంచి బయలుదేరి, దారిలో ఇంకో పైపుని దాటడానికి కాస్త పైకి లేస్తుంది, మళ్లీ దిగుతుంది, తర్వాత ఏ గట్టునో ఎక్కి దిగుతుంది. పైపు నిండా నీళ్లున్నంతసేపూ ఈ ఎక్కుళ్లూ దిగుళ్లూ లెక్కలోకి రావు. గట్టు ఎక్కడానికి నీళ్లు ఎంత ఒత్తిడి అప్పు తీసుకుంటాయో, దిగేటప్పుడు అంతా తిరిగి కట్టేస్తాయి. ఇక ట్యాంకు ఖాళీ అయిందనుకోండి. పల్లాల్లో కొంచెం కొంచెం నీళ్లు మిగులుతాయి, గట్ల మీద గాలి చేరుతుంది. మళ్లీ ట్యాంకు నింపినప్పుడు నీళ్లు మొదటి గట్టు ఎక్కుతాయి, అవతలి వైపు గాలి కింద నుంచి సన్నగా జారి పల్లంలో చేరుతాయి. ఆ దిగుడు నిండా ఉన్నది గాలే. గాలికి బరువు లేనట్టే కనుక అది అప్పు తీర్చదు. రెండో గట్టుకి మళ్లీ కొత్త అప్పు కావాలి, మూడోదానికి ఇంకోటి. ఎక్కిన ఎత్తులన్నీ కలుస్తూ పోతాయి, దిగిన ఎత్తులు మాత్రం లెక్కకు రావు.

ఒక్కోటి 15 సెంటీమీటర్ల గట్లు మూడు ఉన్నాయనుకుందాం. మొత్తం అప్పు 45 సెంటీమీటర్లు. పైపు మట్టానికి పైన ట్యాంకులో ఉన్న నీళ్లు 30 సెంటీమీటర్లే అయితే ధార మొదలు కాదు. మరి కుళాయి ఇరవై అడుగుల కింద ఉంది కదా, ఆ ఇరవై అడుగుల ఒత్తిడి ఏమైంది? ఏమీ కాలేదు, అది లేనే లేదు! ఆ ఇరవై అడుగుల నిలువు పైపులోనూ ఉన్నది గాలే. కుళాయి ఎంత కింద ఉన్నా దానివల్ల ఒక్క చుక్క లాభం లేదు. ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇది బళ్లో ఎవరూ చెప్పరు. రెండు మూతుల గొట్టంలో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయని బొమ్మ వేయించి వదిలేస్తారు. తాపీ మేస్త్రిని అడగండి, అసలు సంగతి చెబుతారు. గోడలకు మట్టం చూసే పారదర్శకమైన గొట్టంలో బుడగ ఉంటే ఆయన ఆ మట్టం ఒప్పుకోరు, నీళ్లు పారబోసి మళ్లీ నింపుతారు. గాలి అడ్డంగా పడుకున్నచోట తేడా రాదు. నిలువుగా నిలిచినచోట ఎంత పొడవుంటే మట్టం అంత తప్పుతుంది. పిల్లల చేత అలాంటి గొట్టాన్ని రెండు మెలికలు తిప్పి పట్టించి నీళ్లు పోయించండి, పది నిమిషాల్లో వాళ్లకే తెలుస్తుంది.

ఎండ దీన్ని ఇంకా పెంచుతుంది. పీవీసీ పైపు ఒక మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు కొసలూ బిగించిన 3 మీటర్ల పైపు 25 డిగ్రీలు వేడెక్కితే సాగేది అర సెంటీమీటరే. కానీ ఆ అర సెంటీమీటరుకి చోటు లేక పైపు విల్లులా వంగితే, మధ్యలో 7 సెంటీమీటర్లకు పైగా ఉబ్బుతుంది! బిగువుగా కట్టిన బట్టల తీగకు కొంచెం వదులిచ్చి చూడండి, ఎంత వేలాడుతుందో. అంటే పొద్దున లేని గట్టు మధ్యాహ్నానికి తయారవుతుంది. పైగా వేడి నీళ్లలో గాలి తక్కువ కరుగుతుంది. 30 నుంచి 50 డిగ్రీలకు చేరితే లీటరుకు దాదాపు 3 మిల్లీలీటర్ల గాలి బయటికి రావచ్చు. 15 మీటర్ల అంగుళం పైపులో ఏడున్నర లీటర్ల నీళ్లు పడతాయి. ఆ గాలంతా చేరితే పైపులో 4 సెంటీమీటర్ల బుడగ. అది పోయి కూర్చునేది ఆ కొత్త గట్టు మీదే.

ఇంకో మాట. సంపు ఈశాన్యంలో, ట్యాంకు నైరుతిలో ఉండాలని పట్టుబట్టడం వల్ల చాలా ఇళ్లలో పైపు డాబా ఒక మూల నుంచి ఇంకో మూలకి ఎండలో పాకుతోంది. స్నానాల గదికి దగ్గరగా ట్యాంకు పెట్టుకుంటే ఏ కీడూ జరగదని గట్టిగా చెబుతున్నాను. నీళ్లకు దిక్కులు తెలియవు, ఎత్తులే తెలుసు.

ఇక మందు. ముందు ట్యాంకు పూర్తిగా నింపండి. పై లెక్కలో నీళ్లు 45 సెంటీమీటర్లు దాటితే అప్పు తీరి ధార కదులుతుంది, ఊపందుకుంటే గాలిని తనతో ఈడ్చుకుపోతుంది. అప్పటికీ రాకపోతే, మునిసిపల్ నీళ్లు నేరుగా వచ్చే కుళాయికీ మొరాయించే కుళాయికీ గొట్టం తగిలించి, మిగతా కుళాయిలన్నీ కట్టేసి, రెండూ తిప్పండి. నీళ్లు వెనక్కి పోయి గాలిని ట్యాంకులోకి తోసేస్తాయి. పైన బుడబుడ వినిపిస్తుంది. వెంటనే గొట్టం తీసేయాలి. మరిచిపోతే, మునిసిపల్ లైనులో ఒత్తిడి పడిపోయినప్పుడు మన ట్యాంకు నీళ్లు ఊరందరి పైపులోకి పోతాయి.

శాశ్వతంగా పోవాలంటే పైపుని ట్యాంకు నుంచి ఒకే వాలులో దించాలి. క్లాంపులు దగ్గర దగ్గరగా వేసి, వాటిలో పైపు జారేంత సందు ఉంచాలి, మలుపు దగ్గర ఎల్బో జరగడానికి చోటుండాలి. పైపుకి తెల్లరంగు వేస్తే వేడి తగ్గుతుంది. తప్పనిసరిగా గట్టు వస్తే దాని నెత్తి మీద ఒక టీ (మూడు మూతుల పైపు ముక్క) వేసి, సన్నటి గాలి గొట్టాన్ని నిలువుగా లేపాలి. దాని కొస ట్యాంకు నిండు మట్టం కన్నా ఒక అడుగైనా పైన ఉండాలి. పొట్టిగా కోస్తే ట్యాంకు నిండిన ప్రతిసారీ నీళ్లు అందులోంచి డాబా మీద పోతాయి. దుమ్ము పడకుండా కొస కిందికి వంచి, జాలీ కట్టాలి.

పక్కింట్లో ఆ గొట్టం పెట్టడానికి మేస్త్రి రేపు ఎండెక్కకముందే వస్తానన్నారు. నేనూ మేడెక్కుతాను, ఆ మొదటి బుడబుడ వినాలి.