ఒకే బల్ల, ఎవరి పళ్ళెం వారిది

చిన్నీ, బంటీ,

సింగపూర్ నుంచి అమ్మమ్మ దీవెనలు. మీరు వేసవి సెలవులకి వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి తాతయ్య మ్యాపు ముందేసుకుని కూర్చున్నారు. జూ, సముద్రం, పెద్ద చక్రం, అవన్నీ ఆయనా మీ పిన్నీ చూసుకుంటారు. తిండి సంగతి మాత్రం నాది. మొన్న ఫోన్లో బంటిగాడు "అమ్మమ్మా, అక్కడ పాములు తింటారా?" అన్నాడు. చిన్నేమో పెట్టె నిండా మ్యాగీ తెచ్చుకుంటానంది. ఇద్దరికీ కలిపి జవాబు రాస్తున్నాను, విమానం ఎక్కేలోపు చదవండి.

ఇక్కడ మేం బయట తినాలంటే హోటలుకి వెళ్లం, హాకర్ సెంటర్‌కి వెళ్తాం. పెద్ద షెడ్డు. చాలా వాటికి గోడలుండవు, ఏసీ ఉండదు, పైన ఫ్యాన్లు తిరుగుతుంటాయి. వరసలు వరసలుగా చిన్న చిన్న కొట్లు. ఒక్కో కొట్టు మన వంటింట్లో సగం కూడా ఉండదు. లోపల ఇద్దరు మనుషులు, నిప్పులు చెరిగే పొయ్యి. కొట్ల మధ్య నేలకి బిగించిన బల్లలూ, స్టూళ్లూ. ఆ బల్లలు ఏ కొట్టువీ కావు, అందరివీ. ఇది గుర్తుపెట్టుకోండి, అసలు కిటుకంతా అందులోనే ఉంది.

ఒక కొట్టువాడు వండేది ఒకటో రెండో వంటకాలు. కోడి అన్నం వాడు అదే, నూడుల్స్ వాడు అదే. మన దగ్గర ఇడ్లీ నుంచి చిల్లీ గోబీ దాకా నూట యాభై ఐటమ్స్ ఉన్న మెనూ కార్డులు చూసిన కళ్లకి ఇది వింతగా ఉంటుంది. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా, ఏళ్ల తరబడి అదొక్కటే చేసేవాడి చెయ్యి ఎంత తిరిగి ఉంటుందో ఆలోచించండి. సరుకు అయిపోగానే షట్టరు దించేస్తాడు, మధ్యాహ్నం రెండయినా సరే. బతిమాలినా లాభం లేదు.

మొదట ఈ కొట్లలోకి వచ్చినవాళ్లు ఒకప్పుడు వీధుల్లో అమ్మినవాళ్లే. రేవు పట్నం కదా, చైనా నుంచీ, మలయా నుంచీ, జావా దీవి నుంచీ, మన తమిళ, మలయాళ, తెలుగు ఊళ్ల నుంచీ మగాళ్లు ఒంటరిగా పనికి వచ్చేవారు. ఇల్లు లేదు, వండిపెట్టే మనిషి లేదు. వాళ్ల కోసం కావిడి భుజాన వేసుకుని, ఒక వైపు పొయ్యి, ఇంకో వైపు గిన్నెలూ పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పనులు దొరక్క ఇంకా ఎంతోమంది ఆ బతుకులోకి దిగారు. మురుగు కాలువ పక్కనే కడుగుడు, ఎలుకలు, రోగాలు. 1968, 69లో ప్రభుత్వం వాళ్లందరి లెక్కా రాసి లైసెన్సులిచ్చింది. 1971 నుంచి దాదాపు 1986 దాకా షెడ్లు కడుతూ, కుళాయీ కరెంటూ ఇచ్చి, ఒక్కొక్క వీధినీ లోపలికి తరలించింది. వీధులు ఖాళీ చెయ్యమని ఊరుకోలేదు, చోటు చూపించి రమ్మన్నారు. నాకు ఈ దేశంలో బాగా నచ్చినది అదే. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ల సంస్కృతిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. ఈ ఊళ్లో ముప్పావు వంతు చైనా మూలాల వాళ్లు. తర్వాత మలయీలు, అంటే మలయాళీలు కాదు, ఈ ప్రాంతం వాళ్లే. వాళ్లు దాదాపు అందరూ ముస్లింలే. మనవాళ్లు నూటికి తొమ్మిది మంది. ఒకరు పంది మాంసం ముట్టరు, ఒకరు గొడ్డు మాంసం ముట్టరు, ఇంకొకరు ఏ మాంసమూ ముట్టరు. మరి కలిసి తినడం ఎలా?

పోయిన ఆదివారం మా బల్ల ఎలా ఉందో చెబుతాను. మీ బాబాయితో ఆఫీసులో పనిచేసే మలయీ అబ్బాయి హలాల్ బోర్డున్న కొట్లో నాసి లెమాక్ తెచ్చుకున్నాడు. కొబ్బరి పాలతో వండిన అన్నం, పక్కన వేయించిన నెత్తళ్లు, పల్లీలు, గుడ్డు, దోసకాయ ముక్కలు, సంబల్ అనే ఎర్రటి కారం. పక్కింటి చైనీస్ ఆంటీ పంది మాంసం నూడుల్స్ తెచ్చుకుంది. నేను కోడి అన్నం. మీ తాతయ్య మాంసం మానేసి చాలా కాలమైంది కదా, ఆయన శాకాహారపు కొట్టుకి నడిచారు. నలుగురం ఒకే బల్ల మీద తిన్నాం. ఎవరూ ఎవర్నీ "నువ్వది తినకు" అనలేదు, "నాది రుచి చూడు" అని బలవంతమూ పెట్టలేదు. పొయ్యి వేరు, పళ్ళెం వేరు, బల్ల ఒకటి. తిన్నాక ట్రేలు తిరిగి పెట్టే అల్మారాలు కూడా రెండు: హలాల్‌వి ఒకటి, మిగతావి ఒకటి. బోర్డు చూసి పెట్టండి, పొరపాటున అటూ ఇటూ కలిపేయకండి. మర్యాదంటే మనసులో ఉంటే చాలదర్రా, దానికో అల్మారా కూడా కావాలి!

కోడి అన్నం అన్నాను కదా, అది హైనాన్ దీవి నుంచి వచ్చిన చైనావాళ్ల వంట. కోడిని సలసల కాగనివ్వకుండా వేడి నీళ్లలో మెల్లగా ఉడికించి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచుతారు. మాంసం మెత్తగా, తోలు నున్నగా జారిపోతుంటుంది. ఆ కోడి నీళ్లతోనే, కోడి కొవ్వులో అల్లం వెల్లుల్లి వేయించి అన్నం వండుతారు. పాండన్ అనే ఆకు కూడా వేస్తారు, మన మొగలి జాతిదే. చూడ్డానికి తెల్లగా, చప్పగా ఉంటుంది. బంటిగాడు మొదట మొహం తిప్పుకుంటాడు, నాకు తెలుసు. అన్నం ఒక్క ముద్ద వట్టిదే తినమనండి, ఆ తర్వాత పక్కనున్న మిరప పచ్చడీ అల్లం ముద్దా అద్దుకుని తినమనండి. మాక్స్‌వెల్ అనే చోట దీనికి పెద్ద క్యూ ఉంటుంది. ధర నాలుగైదు సింగపూర్ డాలర్లు, మన రూపాయల్లో మూడొందలకి అటూ ఇటూ. ఆ పక్కనే సౌత్ బ్రిడ్జి రోడ్డు. 1827 నాటి మారియమ్మన్ గుడి, మసీదు, బుద్ధుడి ఆలయం ఆ ఒక్క రోడ్డు మీదే ఉన్నాయి. దండం పెట్టుకుని వచ్చి తిందాం.

చిన్నీ, నీకు పరాటా ఇష్టం కదా. ఇక్కడ దాన్ని ప్రాటా అంటారు. దక్షిణాది ముస్లింలు తెచ్చారు. పిండి ముద్దని చేత్తో పట్టి గాల్లో తిప్పుతూ బల్ల మీద కొడుతుంటే అది చీరంత పల్చగా సాగుతుంది. మడతలు వేసి నెయ్యి పెనం మీద కాలుస్తారు, పప్పు పులుసో చేపల పులుసో పోసి ఇస్తారు. ఏమీ పెట్టని ప్రాటా కావాలంటే "కొసోంగ్" అనాలి. గుడ్డూ, చీజూ, ఐస్‌క్రీమూ పెట్టినవి కూడా ఉన్నాయి. ఐస్‌క్రీమ్ ప్రాటా సంగతి మీ పిన్నిని అడగండి, నేనైతే కొననివ్వను.

వంటలు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతాయో చూడాలంటే చేప తలకాయ కూర చూడాలి. చైనావాళ్లకి చేప తలకాయంటే ప్రాణం. 1949లో ఇక్కడున్న ఒక మలయాళీ హోటలాయన దాన్ని మన మసాలా పులుసులో వేసి పెట్టాడు. చింతపండు, బెండకాయలు, అన్నీ మన వాసనే. పూర్తిగా అటు కేరళదీ కాదు, ఇటు చైనాదీ కాదు, ఈ ఊళ్లో పుట్టిన వంట. లిటిల్ ఇండియా అనే మనవాళ్ల పేటలో రేస్ కోర్స్ రోడ్డు మీద అరిటాకు వేసి వడ్డిస్తారు. మీకు ఆ కన్ను చూస్తే భయమేస్తుందేమో, బుగ్గ భాగం తీసిపెడతాను.

అక్కడికి దగ్గర్లోనే టెక్కా సెంటర్. కింద కూరగాయలు, చేపలు, బిర్యానీ, దోసెలు. పై అంతస్తులో పంజాబీ డ్రెస్సులు. మునగకాడలు, కరివేపాకు, అరటిపువ్వు చూసేసరికి నాకు ఒక్కోసారి మన రైతుబజారులో ఉన్నాననిపిస్తుంది. పచ్చిమిరపకాయల ధర చూడగానే ఆ భ్రమ వదులుతుంది.

తాతయ్య తినే శాకాహారపు కొట్టు నిజానికి చైనీయులది. బౌద్ధులైన వాళ్లలో వ్రతం పట్టేవాళ్లు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. అచ్చం మన నాయనమ్మల మడి వంటే! వాళ్ల చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు, అంటే మన అమావాస్య, పౌర్ణమి పట్టున, చాలామంది మాంసం మానతారు. ఆ రోజుల్లో ఆ కొట్టు ముందు క్యూ మెలికలు తిరుగుతుంది, తాతయ్య అరగంట ముందే బయల్దేరతారు. సోయాతో, గోధుమ జిగురుతో కోడి ముక్కల్లా, చేప ముక్కల్లా చేసి పెడతారు. ఆయనకి అవి గిట్టవు, "మానేసినదాన్నే మళ్లీ బొమ్మ చేసి తినడమెందుకు" అంటారు. వట్టి టోఫూ, ఆకుకూర, అన్నం తెచ్చుకుంటారు.

ఆకుకూరంటే గుర్తొచ్చింది. ఇక్కడ కంకోంగ్ పేరుతో మన తూటికూరని బాగా వేయిస్తారు. చూస్తే పచ్చగా, సాత్వికంగా ఉంటుంది. కానీ చాలా కొట్లలో దాన్లో బెలచాన్ అనే ఎండు రొయ్యల ముద్ద వేస్తారు. రోజాక్ అనే పండ్ల కలగలుపులోనూ రొయ్యల పాకం ఉంటుంది. కూర రంగు చూసి శాకాహారమని నమ్మకూడదు, అడగాలి. శనివారాలు మాంసం ముట్టనని చిన్ని నియమం పెట్టుకుందిగా, అందుకే చెబుతున్నా.

సాయంత్రం ఒకరోజు లౌ పా సాత్‌కి వెళ్దాం. ఎనిమిది మూలల పాత మార్కెట్టు, 1894 నాటిది. పోత ఇనుప స్తంభాలు, తోరణాలు స్కాట్లాండ్‌లో పోతపోసి ఓడలో తెచ్చారు. రైలు సొరంగాలు తవ్వేటప్పుడు ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించారు. చీకటిపడగానే పక్క వీధిలో బండ్ల రాకపోకలు ఆపేసి బల్లలు వేస్తారు, బొగ్గుల మీద సాటే, అంటే మాంసం ముక్కలు గుచ్చిన పుల్లలు, కాలుస్తారు. కోడి, మేక, గొడ్డు మాంసం మూడూ ఉంటాయి, ఏది కావాలో స్పష్టంగా చెప్పండి. నంజుకోవడానికి పల్లీల పచ్చడి. గుంటూరు కారం తినే నోటికి కాస్త తియ్యన.

తీపి అంటే నేను కొనిపెట్టేది పుటు పిరింగ్. బియ్యప్పిండి మధ్యలో కొబ్బరి నీరాతో కాచిన నల్ల బెల్లం పెట్టి ఆవిరి మీద ఉడికించి, కొబ్బరి కోరు చల్లి ఇస్తారు. నోట్లో పెట్టుకుంటే వినాయక చవితి కుడుము గుర్తొస్తుంది. బెల్లం లోపల మరిగి ఉంటుంది, ఊదుకుని తినండి.

కొన్ని పద్ధతులున్నాయి. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్టు కనబడితే అది ఎవరో మర్చిపోయింది కాదు, చోటు ఆపుకున్నారని. తీసి జేబులో వేసుకోకు బంటీ. మంచి నీళ్లు, కాఫీ, రసాలు అమ్మే కొట్టు వేరు. వండేవాళ్లని ఎవరినైనా అంకుల్, ఆంటీ అంటే చాలు. పీక్ టైములో కొంచెం కరుకుగా మాట్లాడతారు, అది కోపం కాదు, తొందర. తిన్నాక ట్రే మనమే తీసి పెట్టాలి. 2021 నుంచి అది చట్టం, మొదటిసారి హెచ్చరిస్తారు, మళ్లీ చేస్తే జరిమానా. కొట్లు నడిపేవాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లే. వాళ్ల పిల్లలు ఈ వేడిలో నిలబడలేమంటున్నారట. అందుకని నచ్చితే "చాలా బాగుంది అంకుల్" అని చెప్పి మరీ రండి.

ఇక డూరియన్. జూన్‌లో కాయలు వస్తాయి, అప్పటికి మీరు ఇక్కడే ఉంటారు. పైకి పనసకాయలా ముళ్లతో ఉంటుంది కానీ పనసకి ఏమీ కాదు, గోంగూర, బెండ కుటుంబంది! వాసన వీధి చివరికి కొడుతుంది. అందుకే రైల్లోకి తీసుకెళ్లనివ్వరు, బొమ్మ గీసి అడ్డంగా గీత కొట్టిన బోర్డులు చూస్తారు. ఇంటికి తెస్తానంటే మీ బాబాయి గుమ్మం దాటనివ్వడు. కాబట్టి గేలాంగ్ అనే పేటలో రోడ్డు పక్క బల్ల దగ్గరే, చేతికి ప్లాస్టిక్ గ్లవ్స్ వేసుకుని తినేసి వద్దాం. తాతయ్య రానన్నారు, బస్‌స్టాపులో కూర్చుంటారట. మ్యాగీ బదులు అమ్మ చేత ఒక సీసా గోంగూర పచ్చడి పెట్టించుకు రండి, పక్కింటి ఆంటీకి మాటిచ్చాను.

ముద్దులతో,
అమ్మమ్మ