దోశ మీద నింద

తణుకు నుంచి ఒకావిడ రాశారు. దోశ తిన్న పది నిమిషాలకే కడుపు మెలిపెట్టేసి బాత్రూంకి పరిగెత్తాల్సి వస్తోందట, నాలుగు నెలలుగా ఇదే వరస. ముందు దోశ మానేశారు, తర్వాత పాలు, గుడ్డు, వంకాయ, గోధుమ, చివరికి పప్పు కూడా. ఆరు కిలోలు తగ్గారు. రక్తపరీక్షలు, స్కానింగ్ నార్మల్ అన్నారు, గ్యాస్ట్రో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇంకో మూడు వారాలకి దొరికింది. "ఈలోపు నాకేది పడట్లేదో ఎలా తెలుస్తుంది మాస్టారూ" అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు, ముప్ఫై ఏళ్ళు బయాలజీ చెప్పినవాణ్ణి, జబ్బేంటో చెప్పటం నా పని కాదు. కానీ ఆవిడ రాసిన "పది నిమిషాలు" దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ పది నిమిషాల్లో బయటికొచ్చింది ఆ దోశ అయ్యే అవకాశమే లేదు. దోశ ఇంకా పొట్టలోనే ఉంది, సరిగ్గా నలగను కూడా లేదు.

మనం తిన్నది పొట్ట దాటటానికే మూడు నాలుగు గంటలు పడుతుంది. తర్వాత చిన్నపేగులో ఇంకో నాలుగు నుంచి ఆరు గంటలు. ఆ తర్వాత పెద్దపేగు, పొడవు ఐదడుగులే గానీ అసలు టైమంతా తినేది అదే, ఒక రోజు, రోజున్నర, కొందరికి రెండ్రోజులు. నమ్మకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఉడికించిన మొక్కజొన్న గింజలు ఓ గుప్పెడు తిని టైం రాసి పెట్టుకోండి. గింజ మీద పసుప్పచ్చటి పొట్టు మనకి అరగదు, అలాగే వచ్చేస్తుంది. నేను ఆదివారం రాత్రి ఎనిమిదింటికి తింటే మంగళవారం ఉదయం కనపడింది, అంటే ముప్ఫై నాలుగు గంటలు. మా స్కూల్ పుస్తకాల్లో చిన్నపేగు పొడవు ఎంత అని ప్రతి ఏడూ అడుగుతారు, పిల్లలు ఠక్కున చెప్పేస్తారు, కానీ అన్నం ముద్ద ఆ చివరికి చేరటానికి ఎంతసేపు పడుతుందని ఒక్క పరీక్షలోనూ అడగగా నేను చూడలేదు. ఆ ఒక్క లెక్క తెలిస్తే ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని కూరలు బతికిపోయేవో!

మరి తినగానే ఎందుకొస్తుంది? దీన్ని గ్యాస్ట్రోకాలిక్ రిఫ్లెక్స్ అంటారు. మాది గోదావరి డెల్టాలో శివారు ఊరు కాబట్టి నాకు ఇది కాలువ లాగే కనపడుతుంది. ధవళేశ్వరం దగ్గర కాలువకి నీళ్ళు వదిలితే అవి మా శివారుకి చేరటానికి రోజులు పడుతుంది. కానీ పైన కొత్త నీళ్ళు వదిలారన్న ఫోను లస్కరుకి, అంటే కాలువ షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగికి, నిమిషంలో వస్తుంది. "పైనుంచి వస్తున్నాయి, కింద ఖాళీ చెయ్యి" అనగానే అతను షట్టరు ఎత్తుతాడు. అప్పుడు మురుగు కాలవలోకి పోయేవి ఇవాళ వదిలిన నీళ్ళు కాదు, మొన్నటి నీళ్ళు. పొట్ట కూడా అంతే, ముద్దలు పడి గోడ సాగగానే నరాల ద్వారా, కొవ్వు తగిలితే విడుదలయ్యే కొలిసిస్టోకైనిన్ లాంటి హార్మోన్ల ద్వారా, పెద్దపేగుకి కబురు వెళ్ళిపోతుంది, అది ఒక్కసారిగా పెద్ద అల లాగా బిగుసుకుని లోపలున్న పాత సరుకుని కిందకి తోస్తుంది. ఎక్కువ తింటే ఫోను గట్టిగా మోగుతుంది, నెయ్యి నూనె ఎక్కువుంటే ఇంకా గట్టిగా.

ఇది జబ్బు కాదు, అందరికీ ఉంటుంది. పసిపిల్లలు పాలు తాగుతూ తాగుతూనే దొడ్డికి వెళ్ళిపోతారు చూడండి, అదే ఇది. తల్లి పాలు పడట్లేదని భయపడి డబ్బా పాలకి మార్చేసేవాళ్ళున్నారు, పాపం ఆ పాలు ఇంకా పిల్ల పొట్టలోనే ఉంటాయి.

తేడా ఎక్కడొస్తుందంటే కొందరికి లస్కరు మరీ కంగారు మనిషి. చిన్న ఫోనుకే షట్టరు పూర్తిగా ఎత్తేస్తాడు. ఇక్కడ నీళ్ళ లెక్క చూడాలి: మనం తాగేవి, లాలాజలం, పైత్యరసం, మిగతా జీర్ణరసాలు అన్నీ కలిపి రోజుకి దాదాపు 9 లీటర్లు చిన్నపేగులోకి వస్తాయి, పెద్దపేగుకి చేరేది లీటరు, లీటరున్నర, చివరికి మలంలో పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లు. ఆ మిగిలిన లీటరుని పీల్చుకోవాలంటే పెద్దపేగుకి టైం కావాలి, షట్టరు తొందరగా లేస్తే పీల్చుకునే టైం ఉండదు, అందుకే నీళ్ళగా పోతుంది. పైగా కొందరి పేగు గోడకి స్పర్శ ఎక్కువ. 1973లో రిచీ అనే ఆయన పెద్దపేగు చివర్లో చిన్న బెలూన్ పెట్టి గాలి నింపి చూశారు, 60 మిల్లీలీటర్లకి మామూలువాళ్ళలో నూటికి ఆరుగురు నొప్పి అన్నారు, ఇరిటబుల్ బవెల్ (పరీక్షల్లో ఏమీ కనపడకపోయినా కడుపునొప్పి, విరేచనాల తేడాలతో బాధపెట్టే పేగు సమస్య) ఉన్నవాళ్ళలో నూటికి యాభై ఐదుగురు. అదే బెలూన్, అదే గాలి. కాబట్టి రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినంత మాత్రాన "నీదంతా ఊహ" అని ఇంట్లోవాళ్ళు అనటం తప్పు, చాలా తప్పు. స్కానింగులో గోడ ఆకారం కనపడుతుంది గానీ గోడకి ఎంత నొప్పిగా ఉందో కనపడదు. ఇంకో మాట, ఈ లస్కరుకి తల నుంచి ఆర్డరు లేకపోయినా పని నడిచిపోతుంది. బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1899లో కుక్క పేగుకి బయటి నరాలన్నీ తెంపేసి చూసినా, ముద్దకి పైన బిగుసుకోవటం కింద వదులవటం ఆగలేదు.

ఈ పది నిమిషాల నింద చేసిన అన్యాయం దోశతో ఆగలేదు. మన ఊళ్ళల్లో అంతుపట్టని కడుపు నొప్పి వస్తే "ఎవరో మందు పెట్టారు" అంటారు. ఆఖరున ఎవరి చేత్తో తిన్నారో వాళ్ళ మీదే అనుమానం, కొత్త కోడలో, ఆడపడుచో, పక్కింటావిడో. ఆ తర్వాత మందు కక్కిస్తానని ఒకడు తయారు, ఆకు పసరు తాగించి వాంతి చేయించి అందులో ఓ నల్లటి ముద్ద చూపిస్తాడు. ఆ పసరుతో కిడ్నీలు, లివరు ఏమవుతాయో దేవుడికెరుక, విడిపోయిన కుటుంబాలు మాత్రం నేను చూశాను. ఆఖరి ముద్దే దోషి అన్న ఒక్క తప్పు లెక్క మీద నిలబడింది ఇదంతా.

సరే, మూడు వారాలు ఏం చెయ్యాలి? ఇంకేమీ మానకండి, రాయండి. ఏం తిన్నారు అన్నదానికంటే ఎప్పుడు తిన్నారు, ఎంత తిన్నారు, ఎప్పుడు నొప్పి, ఎప్పుడు బాత్రూం, నీళ్ళగానా గట్టిగానా, రాత్రి నిద్ర ఎలా పట్టింది. వెనక్కి వెతికేటప్పుడు గంటలు చూసుకోండి. పాలలో లాక్టోజ్ పడకపోతే సాధారణంగా అరగంట నుంచి రెండు మూడు గంటల్లో తెలుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, శనగల వల్ల ఉబ్బరం, గ్యాస్ అయితే అవి పెద్దపేగు దాకా చేరి అక్కడి బాక్టీరియా పులియబెట్టాలి కాబట్టి ఇంకాస్త ఆలస్యం, మధ్యాహ్నం తిన్నది సాయంత్రం బాధపెడుతుంది. పది నిమిషాల్లో వచ్చిందంటే పదార్థం కంటే ముందు ఆ ఫోనుని అనుమానించండి.

మానెయ్యటంలో ఇంకో చిక్కుంది. గోధుమ మానేసి కూర్చుంటే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్షలో యాంటీబాడీలు తగ్గిపోయి జబ్బున్నా లేదని రావచ్చు. మెడికల్ షాపులో అడిగి గ్యాస్ మాత్ర వేసుకుంటూ ఉంటే హెలికోబాక్టర్ (పొట్టలో పుళ్ళు చేసే బాక్టీరియా) కోసం చేసే యూరియా బ్రెత్ టెస్టు తప్పు చెప్పొచ్చు, దానికి ముందు పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆపాలంటారు (మీకు మీరుగా ఆపెయ్యకండి, టెస్టు రాసిన డాక్టర్ని అడగండి).

మూడు వారాలు ఆగకూడనివి కూడా ఉన్నాయి. మలంలో రక్తం, తారు లాగా నల్లగా రావటం (ఐరన్ మాత్రలు వేసుకుంటే మామూలుగానే నల్లగా వస్తుంది, అదీ చెప్పండి), జ్వరం, మింగుడు పడకపోవటం, రక్తం తగ్గటం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, నలభై ఐదు దాటాక కొత్తగా మొదలవటం. ఛాతీలో బరువుతో చెమటలు పడితే గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికెళ్ళి ఈసీజీ తీయించుకోవాలి. ఇంకా ముఖ్యంగా, రాత్రి గాఢనిద్రలోంచి లేపేసే విరేచనాలు. రాత్రి పెద్దపేగు కూడా దాదాపు నిద్రపోతుంది, కంగారు లస్కరు కూడా పడుకుంటాడు. అర్ధరాత్రి నీళ్ళు వస్తున్నాయంటే అది లస్కరు పని కాదు, గట్టుకి ఎక్కడో గండి పడింది. ఆరు కిలోల సంగతి కూడా అలాంటిదే: తిండి మానేసి తగ్గారా, బాగా తింటూనే తగ్గారా? ఈ రెండూ డాక్టరుకి పూర్తిగా వేరు వేరు కథలు, మీరు తప్పకుండా విడమర్చి చెప్పాలి, అసలు అపాయింట్‌మెంట్ ముందుకి జరపమని ఇవాళే ఫోన్ చేసి ఈ ముక్క చెప్పండి.

అంతా అయ్యాక కూడా జవాబు వెంటనే రాకపోవచ్చు. మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ జబ్బు (పేగుల్లో ఏళ్ళ తరబడి ఉండే వాపు) రెండూ చిన్నపేగు పెద్దపేగు కలిసే చోటే ఎక్కువగా పుళ్ళు చేస్తాయి, ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసినా ఒక్కోసారి తేల్చలేరు. అప్పుడు టీబీ మందులు కొన్ని నెలలు వాడించి మళ్ళీ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) చేసి పుళ్ళు మానాయా లేదా చూస్తారు. డాక్టరుకి తెలియక కాదు, కొన్నిటికి కాలమే పరీక్ష.

ఇక ఆ దోశ. ఆవిడ ఉత్తరం మళ్ళీ చదివితే టైం దొరికింది, ఉదయం ఏడున్నర. నిద్ర లేచాక పెద్దపేగు చురుగ్గా ఉండే వేళ అది, దానికి తోడు దోశకి ముందు కాఫీ. కాఫీ తాగిన నాలుగు నిమిషాలకే కొందరికి పెద్దపేగు కదలటం మొదలవుతుందని 1990లో కొలిచి చూశారు, కెఫీన్ తీసేసిన కాఫీకి కూడా. అంటే ఫోను మూడు చోట్ల నుంచి ఒకేసారి మోగుతోంది, నింద ఒక్క దోశ మీద పడింది. అందుకే ఆవిడకి ఇలా రాశాను: అదే పిండి, అదే పెనం, అదే రెండు దోశలు, కాఫీ లేకుండా సాయంత్రం ఏడింటికి తిని ఏమైందో నోట్‌బుక్‌లో రాయండి, మర్నాడు ఉదయం ఏడున్నరకి దోశ లేకుండా కాఫీ, ఇడ్లీ తీసుకుని ఏమైందో పక్కనే రాయండి.