చేతులు బాగుండి కాళ్ళే ఎందుకు మండుతాయి?

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు రాశారు: “అమ్మకు పన్నెండేళ్ళుగా షుగరు. రాత్రయితే అరికాళ్ళు మండుతున్నాయంటుంది. ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చేతులు బాగుండి కాళ్ళే ఎందుకు మండుతాయి?”

జవాబు నరం పొడవులో ఉంది. బడిలో నరకణం బొమ్మ గీయిస్తారు కానీ అది ఎంత పొడవుంటుందో ఆ బొమ్మలో తెలియదు. బొటనవేలి స్పర్శను మోసే కణం నడుము దగ్గర, వెన్నుపూసల పక్కన ఉంటుంది. అక్కడి నుంచి వేలి కొస దాకా సాగేది ఆ ఒక్క కణం తోకే, దాదాపు మీటరు! ఆ తోకకు కావలసిన ప్రొటీన్లు చాలావరకు నడుము దగ్గరే తయారై కిందికి ప్రయాణించాలి. వేగంగా వెళ్ళే సరుకు రోజుకు 400 మిల్లీమీటర్లు పోతుంది. తోకకు ఆకారమిచ్చే ప్రొటీన్లు రోజుకు ఒక మిల్లీమీటరు కూడా దాటవు. అవి వేలి కొసకు చేరడానికి మూడేళ్ళో, అంతకంటే ఎక్కువో పడుతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. కాలువలో నీటి మట్టం కాస్త తగ్గితే పైనున్న పొలాలకు తెలియదు, చివరి ఆయకట్టు ఎండుతుంది. గట్టుకు ఎక్కడ గండి పడినా నష్టపోయేది చివరి రైతే. కాలువ ఎంత పొడవైతే గండ్లకు అంత చోటు. చేతి నరం పొట్టి కాలువ. అందుకే మంట, తిమ్మిరి కాలివేళ్ళలో మొదలై పైకి పాకుతాయి. అవి మోకాలి దాకా వచ్చే సమయానికి చేతివేళ్ళ వంతు వస్తుంది.

గండి కొట్టేది గ్లూకోజే. కండరం ఇన్సులిన్ సాయంతో గ్లూకోజు తీసుకుంటుంది. నరకణానికి ఆ అదుపు లేదు, రక్తంలో పెరిగితే లోపలా పెరుగుతుంది. ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము ఆ అదనపు గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తూ ఎన్‌ఏడీపీహెచ్ అనే రసాయనాన్ని ఖర్చు చేస్తుంది. కణాన్ని కాపాడే గ్లూటాథయోన్‌ను తిరిగి సిద్ధం చేయడానికీ అదే కావాలి. అది తరిగితే ఆక్సీకరణ దెబ్బకు మైటోకాండ్రియాలు పాడై, సరుకు మోసే ప్రొటీన్లకు శక్తి చాలదు. నరానికి రక్తమిచ్చే సన్నని నాళాలూ దెబ్బతింటాయి.

మన నల్గొండ జిల్లాలో కాళ్ళు తిమ్మిరెక్కితే ఫ్లోరైడ్ నీళ్ళ వల్లే అనుకోవడం అలవాటు. ముదిరిన ఫ్లోరోసిస్ వెన్నులో నరాలను నొక్కుతుందన్నది నిజమే. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు వాడేవారిలో బి12 తగ్గినా తిమ్మిరి వస్తుంది. కాబట్టి పరీక్ష చేయించాలి. నైలాన్ పోగును 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా అరికాలికి ఆనిస్తారు. కళ్ళు మూసుకున్న మనిషికి అది తెలియకపోతే, రేపు ముల్లు దిగినా తెలియకపోవచ్చు. అలాంటి కాళ్ళతో కురుమూర్తి జాతరలో చెప్పులు లేకుండా నడవవద్దని బతిమాలుతున్నాను. స్వామి ఉద్దాలను, అంటే పాదరక్షలను, భక్తితో ఊరేగించే జాతర అది. కాళ్ళకు చెప్పులుంటే భక్తికి లోటు రాదు.

ఇక అమ్మ మౌనం. మధుమేహం ఉన్నవారిలో కుంగుబాటు ఇతరులకంటే దాదాపు రెండింతలు. మంట నిద్ర పోనివ్వదు. కుంగినవారు మందులు మానేస్తారు, చక్కెర పెరుగుతుంది, నరం ఇంకా చెడుతుంది. మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే దారులు నొప్పిని అణచడానికి వాడే రసాయనాలు సెరొటోనిన్, నారడ్రినలిన్. మానసిక స్థితితో ముడిపడినవీ అవే. డులాక్సెటిన్ కాళ్ళ మంటకూ కుంగుబాటుకూ ఇచ్చే మందు కావడానికి కారణం ఇదే. “పిచ్చి మందు రాశారు” అని చీటీ చింపేసేవారి మీద నాకు కోపం లేదు. వివరించకుండా రాసిచ్చేవారి మీద ఉంది.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. డాక్టరుకు కాళ్ళ మంటతో పాటు మాటలు తగ్గిన సంగతి కూడా మీరే చెప్పండి, అమ్మ తానుగా చెప్పకపోవచ్చు. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్ నంబరు 14416. ఆమెతో తెలుగులోనే మాట్లాడతారు.