సంతకం అక్కడ, నేల ఇక్కడ

విశాఖ ఉక్కు కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కొద్ది రోజులకే కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. లాభనష్టాల లెక్కల మీద అప్పటి నుంచి చాలా చర్చ జరిగింది. అంతకంటే పాత ప్రశ్న ఒకటుంది. ఈ తీరం గురించి నిర్ణయించే అధికారం ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చింది? అది దేని మీద నిలబడింది?

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం, ఈ విశాఖ తీరం కూడా చేరిన ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ ఫర్మానా రాశాడు. అప్పటికే ఇక్కడ ఆయన మాట చెల్లుబాటు కాదు. మరుసటి ఏడాది కంపెనీ నిజాంతో విడిగా ఒప్పందం చేసుకుని, ఏటా డబ్బు కడతానని ఒప్పుకుంది. 1682 నుంచే విశాఖలో వ్యాపార స్థావరం నడుపుతున్న కంపెనీ అలా పాలకురాలైంది. ఆ రెండు కాగితాల్లోనూ ఇక్కడి రైతు లేడు, జాలరి లేడు, సాలెవాడు లేడు.

కానీ కాగితం దానంతట అది శిస్తు వసూలు చేయదు. వసూలు చేసే జమీందారు కావాలి, తుపాకీ పట్టే సిపాయి కావాలి. ఆ చేతులు అడ్డం తిరిగితే ఏమవుతుందో 1780 అక్టోబరు 3న తెలిసింది. హైదర్ అలీతో యుద్ధానికి ఓడ ఎక్కి మద్రాసు వెళ్ళమని విశాఖ సిపాయిలను ఆదేశించారు. వాళ్ళు ఎక్కలేదు. తుపాకులు అధికారుల మీదికే తిప్పారు. ఆ తిరుగుబాటు త్వరలోనే అణగిపోయింది. 1857కు 77 ఏళ్ళ ముందు జరిగిన ఈ ఘటనకు మన పాఠ్యపుస్తకాల్లో దక్కాల్సిన చోటు దక్కలేదని నా బాధ.

పద్మనాభం యుద్ధం అంతకంటే లోతైన సంగతి చెబుతుంది. విజయనగరం జమీందారు చిన విజయరామరాజు ఎనిమిదిన్నర లక్షల రూపాయల బకాయి కట్టాలని కంపెనీ పట్టుబట్టింది. కట్టలేదని 1793లో జమీందారీని స్వాధీనం చేసుకుంది. నెలకు 1,200 రూపాయల భరణం తీసుకుని మచిలీపట్నం వెళ్ళి ఉండమంది. రాజు బయలుదేరి పద్మనాభంలో ఆగిపోయాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన విరుచుకుపడింది. పోరు గంటసేపు కూడా సాగలేదు. రాజూ, ఆయనతో నిలిచిన వాళ్ళలో చాలామందీ అక్కడే నేలకొరిగారు.

లెక్క ప్రకారం కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు. రాజు కొడుకు నారాయణబాబును కొండల్లోకి తీసుకుపోయారు. కొండ జమీందార్లు అతని పక్షాన నిలిచారు. చివరికి కంపెనీ ఆ కుర్రవాడితోనే రాజీకి వచ్చి, కొంత భాగం తగ్గించి, జమీందారీని తిరిగి అప్పగించింది. గంటలో గెలిచిన యుద్ధం పాలనకు అక్కరకు రాలేదు. ఊళ్ళలో ఎవరి మాట వింటారో ఆ మనిషి లేకుండా కంపెనీకి రోజు గడవలేదు. విశాఖ చరిత్రలో అధికారపు అసలు స్వరూపం నాకు కనిపించేది ఇక్కడే.

మైదానంలో 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి జమీందార్లను కట్టడి చేసింది. కొండలు మాత్రం లొంగలేదు. 1839 నాటి 24వ చట్టంతో వాటిని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించారు. ఏజెన్సీ అన్న మాట మనకు అలా వచ్చింది. అక్కడ ప్రభుత్వానికి చేతులు ముఠాదార్లు, అంటే ముఠా అనే కొండ ఊళ్ళ గుంపుకు పెద్దలు. గూడేలనుంచి వసూలు చేసేదీ, కబురు చేరవేసేదీ వాళ్ళే. వాళ్ళూ కొండవాళ్ళను పీడించిన సందర్భాలున్నాయి, దాచనక్కరలేదు. అయితే ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా ఆంక్షలూ పన్నులూ వచ్చిపడేసరికి 1879లో రంప ముఠాదార్లే తిరగబడ్డారు. అప్పటి గోదావరి జిల్లాలో రాజుకున్న ఆ మంట విశాఖ కొండలకూ పాకింది.

1922లోనూ అదే జరిగింది. అడవిలో పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టాలు, రోడ్డు పనులకు చాలీచాలని కూలి, తహసీలు అధికారుల జులుం కొండవాళ్ళను కుదిపేశాయి. గ్రామ మునసబు పదవి ఊడిన గాం గంటందొర లాంటి వాళ్ళు అల్లూరి సీతారామరాజు పక్కన చేరారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లలోని ఆయుధాలు ఎత్తుకుపోయారు. స్థానిక పోలీసులు చాలక మలబారు నుంచి, అస్సాం నుంచి బలగాలను దింపాల్సి వచ్చింది. 1924 మే 7న రాజు నేలకొరిగేదాకా, గుప్పెడు మంది ఆ బలగాలను రెండేళ్ళ పాటు నిలవరించారు.

స్వాతంత్ర్యం తర్వాత సంతకం ఢిల్లీకి మారింది. ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైనదని నిపుణుల బృందం సిఫార్సు చేసినా కేంద్రం తాత్సారం చేసింది. 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న, రాష్ట్ర అవతరణ దినాన, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. తెన్నేటి విశ్వనాథం వంటి నాయకులు పార్టీల గీతలు దాటి జనాన్ని కూడగట్టారు. శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగితే, జాతికి అంకితమయ్యేసరికి 1992 ఆగస్టు వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు!

అన్ని సంతకాలూ జనానికి వ్యతిరేకమని కాదు. 1997 జూలై 11న, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని తేల్చింది. అనంతగిరి మండలపు బొర్రా గూడేల్లో గనులను ఎదిరించిన గిరిజనుల పట్టుదల నుంచి పుట్టిన తీర్పు అది.

ఉక్కు కర్మాగారానికి 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. ఆ ప్రకటనలో 2021 నాటి నిర్ణయం రద్దయిందన్న మాట లేదు. సొంత ఇనుప ఖనిజపు గనులు కేటాయించాలన్న కార్మికుల కోరిక పాతదే. దానికంటే పాత బాకీ నిర్వాసితులది. వాళ్ళ ఊళ్ళ నుంచి వేల ఎకరాలు ప్రభుత్వ అవసరం పేరిట సేకరించారు. బదులుగా ఉద్యోగానికి అర్హతగా ఆర్ కార్డులు చేతికిచ్చారు. ఉద్యోగం రాకుండానే ఆ కార్డు దాచుకున్న ఇళ్ళు గాజువాక చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. ప్రభుత్వ అవసరానికని తీసుకున్న నేలను ప్రైవేటుకు అమ్మే హక్కు ఎవరిదని వాళ్ళు అడుగుతున్నారు.