ఏట్లో నీరుంటే చేప ఉన్నట్టేనా? వంశధార, నాగావళి గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: సముద్రంలో కలిసే నీరంతా వృథా.

వాస్తవం: వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచో, నాగావళి మీది నారాయణపురం ఆనకట్ట మీంచో దిగువకు పోయే నీటిని ‘సముద్రం పాలు’ అనడం మనకు అలవాటు. కళింగపట్నం దగ్గర వంశధార మొగ (సముద్రంలో కలిసే చోటు) పూడిపోకుండా చూసేది ఆ నీటి తోపుడే. అది తగ్గితే కెరటాలు తెచ్చిన ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తుంది. కల్లేపల్లి దగ్గర నాగావళికీ అంతే. ఇక నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీటిలో, గుడ్లు పొదిగే వేళకు మాత్రం ఉప్పు కలిసిన నీటికి దిగాలి. లీటరుకు 12 గ్రాములు అటూఇటుగా ఉప్పుంటేనే పిల్లలు బతుకుతాయి, మంచినీటిలో కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. మలుగుపాముదీ ఇంచుమించు అదే కథ: పుట్టేది సముద్రంలో, పెరిగేది ఏట్లో. దారి తెగితే రెండూ పోతాయి.

అపోహ: ఏడాదికి ఇన్ని నీళ్లని లెక్కగట్టి వదిలేస్తే చాలు.

వాస్తవం: చేపల తరఫున మాట్లాడే మాకూ ఇంజనీర్లకూ ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. 1976లో టెనెంట్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు. సగటు ప్రవాహంలో 10 శాతం ఉంటే చేప కొన్నాళ్లు ప్రాణంతో ఉంటుంది, 30 శాతం ఉంటే ఓ మోస్తరుగా బతుకుతుంది. ఆ లెక్క పుట్టింది మంచు కరిగి పారే నదుల్లో. మన ఏర్లు వానాకాలంలో పొర్లి, వేసవిలో పాయలవుతాయి. అందుకే ఏడాది సగటు కాదు, నెలవారీ సగటు చూడాలి.

బొచ్చె, శీలవతి, మోసు చేపలు గుడ్లు పెట్టేది కొత్త ఎర్రనీరు ఒడ్డు పొలాల మీదికి ఎక్కినప్పుడు. కిలో బరువున్న శీలవతి రెండు లక్షలకు పైగా గుడ్లు పెడుతుంది. అవి దేనికీ అంటుకోవు, పారే నీటితోపాటు దొర్లుతూ 14 నుంచి 20 గంటల్లో పొదుగుతాయి. ఆపైన మూడు రోజులు పిల్లకు సొనసంచే తిండి, సరిగ్గా ఈదలేదు. ఈ నాలుగు రోజుల్లో గేట్లు ఒక్కసారిగా దించారా, ఒడ్డు పల్లాల్లో ఉన్నదంతా ఎండకు మాడిపోతుంది. నీరు తక్కువైందని కాదు, తొందరగా తీసేశారని. గంటకు రెండంగుళాలకు మించి మట్టం దిగకుండా గేట్లు మూయమని మేం అడిగేది అందుకే.

ప్రవాహం ఎంతో తెలుసుకోవడానికి పెద్ద యంత్రం లేకున్నా ఫర్వాలేదు. సూటిగా పారే చోట 20 మీటర్లు కొలిచి, సగం నీళ్లు నింపిన సీసా వదలండి. 50 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు 0.4 మీటర్లు. కింద నీరు నెమ్మది కాబట్టి 0.85తో గుణించాలి, 0.34 వస్తుంది. వెడల్పు 20 మీటర్లు, సగటు లోతు 0.4 అయితే సెకనుకు 2.72 ఘనపు మీటర్లు, అంటే సుమారు 96 క్యూసెక్కులు. లోతు నడిమధ్యలో ఒక్కచోటే కొలిస్తే లెక్క పెరిగిపోతుంది. కనీసం పదిచోట్ల కర్ర దించాలి.

అపోహ: చేపలు కనబడుతున్నాయంటే నీరు బాగున్నట్టే.

వాస్తవం: ఏ చేపలు? కొరమీను, మార్పు చేపలు గాలి కూడా పీలుస్తాయి, కుళ్లిన మడుగులోనూ ఉంటాయి. తెల్లవారుజామున శీలవతి నోరు పైకెత్తి గుటకలు వేస్తుంటే అది ఆట కాదు, ఊపిరాడక. ఆక్సిజన్ అడుగంటేది ఆ వేళే. మధ్యాహ్నం తీసిన కొలత మోసం చేస్తుంది, పగలంతా నాచు ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది మరి.

నీటిలో ఆక్సిజన్ ఉందో లేదో చూడాలంటే 300 మి.లీ. సీసాను గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు ద్రావణం 2 మి.లీ., ఆల్కలీ అయొడైడు అజైడు ద్రావణం 2 మి.లీ. పిపెట్ మొనను నీటి లోపలికి దించి వదలాలి. గోధుమరంగు మడ్డి కట్టిందంటే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు. ల్యాబు లెక్క తర్వాత, మడ్డి రంగే సగం చెప్పేస్తుంది. లీటరుకు 5 మి.గ్రా. ఉంటే మంచిదే, 3 కిందికి దిగితే బొచ్చె, శీలవతి మేత మానేస్తాయి.

అపోహ: ఇసుక తవ్విన గుంత కూడా మడుగే.

వాస్తవం: మడుగుకు ఒడ్డు నీడ, చెట్ల వేళ్లు, పై నుంచి ఊట ఉంటాయి. గుంతకు నిట్రం గోడలు, ఏరు తగ్గగానే పాయతో సంబంధం తెగుతుంది. నీరు వేడెక్కి, లోపల చిక్కిన చేప వలకు కాకపోతే కొంగకు.

అపోహ: ఆనకట్టకు చేపల మెట్లు కడితే చాలు.

వాస్తవం: మెట్టుకు మెట్టుకు మధ్య నీటి మట్టం తేడా 20 సెంటీమీటర్లుంటే సందులో నీరు సెకనుకు దాదాపు 2 మీటర్లు ఉరుకుతుంది. పది సెంటీమీటర్ల చేప బలమంతా పెట్టినా మీటరు దాటదు, అదీ కొన్ని సెకన్లే. తేడా 5 సెంటీమీటర్లకు తెస్తే వేగం మీటరుకు దిగుతుంది, మెట్ల సంఖ్య మాత్రం నాలుగింతలవుతుంది. ఎగరడం సాల్మన్ పని, మోసుది కాదు.

అపోహ: వేసవి వేట నిషేధం ఏటికీ సరిపోతుంది.

వాస్తవం: అది సముద్రానికి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. శీలవతి కడుపుతో ఏరెక్కేది ఆ తర్వాతే.